మూడో పిలుపు

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళను మా నాన్నగారు వసారా మెట్టు ఎక్కనిచ్చేవారు కాదు. నేనూ ఆయన కొడుకునే. అరవై ఏళ్ళు దాటినా అలాంటివేవీ నమ్మలేదు. అందుకే ఇది రాయడం నాకు ఇబ్బందిగా ఉంది.

మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరు పిలిచినా మూడోసారి పిలిచాకే పలకాలి. ఊళ్ళోవాళ్ళు దానికి ఏవేవో భయాలు అంటగట్టేవారు. మాకు మాత్రం అది మర్యాద. పిలవగానే లేచి పరిగెత్తడం మా ఇంటా వంటా లేదు. చిలకలూరిపేటలో మా పత్తి జిన్నింగు మిల్లు నడిచినన్నాళ్ళూ ఆ మర్యాద చెల్లింది. తరవాత మిల్లు పోయింది, పొలం పోయింది. నేను గుంటూరు మిర్చి యార్డులో ఒకరి కొట్లో గుమాస్తాగా చేరాను. కట్టుబాటు మాత్రం అద్దె వాటాదాకా మా వెంటే వచ్చింది.

నా భార్య రాజ్యలక్ష్మికి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. గోడ పట్టుకుని కాస్త నడవగలదు. మాట ముద్దగా వస్తుంది, నాకు తప్ప ఎవరికీ అర్థం కాదు. నేను పనికి వెళ్తూ బయట తాళం వేసేవాణ్ణి.

పక్క వాటాలో జాకెట్లు కుట్టే మస్తాన్‌బీ ఉంటుంది. నన్ను బాబాయిగారూ అంటుంది. ఆ వరస నేను ఇచ్చింది కాదు. "తాళంచెవి నా దగ్గర పడేసి పోండి బాబాయిగారూ. పిన్నిగారికి ఏదన్నా అయితే గోడ దూకి రావాలా ఏంది నేను?" అని ఎన్నోసార్లు అంది. అవసరం లేదమ్మా అన్నాను. మా ఇంటి తాళం పరాయి చేతిలో పెట్టిన రోజు లేదు.

బదులుగా ఒక మాట్లాడే స్పీకరు కొన్నాను. తెలుగు వచ్చునట. మనిషిని కనిపెట్టుకుని ఉండి, ఆపదొస్తే నా ఫోనుకు కబురు పంపుతుందట. ఇంటివాళ్ళ గొంతుతో మాట్లాడతాను, మీ గొంతు ఇమ్మని మొదటిరోజే అడిగింది. ఇవ్వనని నొక్కాను. ఎవరో అమ్మాయి గొంతుతోనే మాట్లాడేది.

దానితో ఒక్కరోజూ సుఖం లేదు. రాజ్యలక్ష్మి ఏమడిగినా "క్షమించండి, అర్థం కాలేదు" అనేది. మంచినీళ్ళంటే పాటలు పెట్టేది. మందు వేసుకున్నారా అని ఒక్కసారే అడిగేది. ఆమె అలవాటుకొద్దీ మూడోసారి కోసం ఆగేది. ఈలోపు అది మూగబోయేది. నా ఫోనుకు "సమాధానం లేదు" అని కబురు వచ్చేది. రోజూ అదే వస్తుంటే చూడడం మానేశాను.

వేసవి మొదట్లో ఒక మిట్టమధ్యాహ్నం. యార్డు నిండా మిర్చి కుక్కిన గోనె టిక్కీలు, ఘాటుకు కళ్ళు మండుతున్నాయి. మస్తాన్‌బీ ఫోన్ చేసింది.

"ఎక్కడున్నారు బాబాయిగారూ?"

"యార్డులో. ఏమ్మా?"

"యార్డేందండీ! ఇప్పుడేగా లోపల్నించి నన్ను పిలిచారు!"

తరవాతి మాటలు ఏడుపులో సగమే వినిపించాయి. ఆవిడ అప్పటికే రుబ్బురోటి పొత్రంతో మా తాళం పగలగొట్టి లోపలికి వెళ్ళింది. రాజ్యలక్ష్మి పొయ్యి దగ్గర పడి ఉంది. పాలు పొంగి మంట ఆరిపోయింది, గ్యాసు వస్తూనే ఉంది. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేది కాదని ఆసుపత్రిలో చెప్పారు.

ఆసుపత్రి వరండాలో మస్తాన్‌బీని అడిగాను, నేనేమని పిలిచానని.

"నా పేరు పెట్టి రెండుసార్లు పిలిచారు. మిషను చప్పుట్లో భ్రమేమో అనుకున్నా. మీరు నన్ను పేరుతో పిలిచిందెప్పుడు గనక? మూడోసారి ఏడుస్తా పిలిచారు. నీ కాళ్ళు పట్టుకుంటా, ఒక్కసారి రా తల్లీ అన్నారు."

మా ఇంటి ఎదురుగా ఉండే ఇస్త్రీ బండి అతనూ ఆ పిలుపు విన్నాడు. నేను ఇంట్లోనే ఉన్నాననుకున్నాడు.

అలాంటి మాట నేను ఎవరితోనూ అనలేదు. మిల్లు వేలం వేసిన రోజున కూడా అనలేదు.

స్పీకరు కంపెనీకి ఫోన్ చేస్తే, మీ ఇబ్బంది మాకు అర్థమైందని ఒక యంత్రం చెప్పిందే చెప్పింది. చివరికి ఒక అమ్మాయి పలికి, వెతికి చూసింది. "మీ భార్యగారి మూలుగు ఉంది సార్. అర్థం కాలేదని స్పీకరు చెప్పింది. ఆ తరవాత ఏమీ లేదు. మీ గొంతు మా దగ్గర లేనే లేదు." నా ఫోనులో ఆ రోజు కూడా ఒకటే కబురు: సమాధానం లేదు.

తాళంచెవి ఇప్పుడు మస్తాన్‌బీ కుట్టుమిషను సొరుగులో ఉంటుంది. స్పీకరు తీగ పీకేసి, తువ్వాలులో చుట్టి, ఇనప్పెట్టెలో పెట్టాను.

ఒకరోజు అన్నం తినిపిస్తూ రాజ్యలక్ష్మిని అడిగాను, ఆ రోజు నీతో నేనేమైనా అన్నానా అని. చాలాసేపు మాట కూడదీసుకుంది.

"మీరు కాదు," అంది. ఇనప్పెట్టె వైపు కళ్ళు తిప్పి, "ఆయన" అంది.

ఆయనెవరని అడక్కుండా తరవాతి ముద్ద కలిపాను. ఆ గొంతు ఎక్కడినుంచి వచ్చిందో చెప్పగలిగినవాళ్ళు నాకింతవరకు తగల్లేదు. నాకూ తెలియదు.

ఇప్పుడు నేను పిలిస్తే ఆమె పలకదు. మూడుసార్లు పిలుస్తాను. నాలుగోసారీ పిలుస్తాను. ఆమె ఇనప్పెట్టె వైపు తిరిగి కూర్చుని, చెవి ఒగ్గి, ఆ గొంతు పిలుపు కోసం చూస్తూ ఉంటుంది.