ఏడో కన్నం

కుల్లూ పైన, మేకలు కూడా ఆలోచించి అడుగేసే వాలులో తులేరామ్ మేస్త్రీ పదకొండు ఇళ్లు కట్టాడు. ఒక వరుస రాయి, దాని మీద దేవదారు దూలం, మళ్లీ రాయి. సిమెంటు ఊసే లేదు. భూమి కదిలితే ఊగుతాయి గానీ పడవు. కింద ఆవులు, పైన మనుషులు; చలికాలమంతా ఆవుల వెచ్చదనం పై గదికి ఎక్కుతుంది.

పన్నెండోది సొంతిల్లు. దానికి తొమ్మిదేళ్లు పట్టింది. ఊరందరి పనికీ ముందు పరిగెత్తే ఆయన సుత్తికి సొంతింటి దగ్గర మాత్రం నడుం నొప్పి వచ్చేదని భార్య ఖిమీ చెప్పుకునేది.

ఇంటి వెనక కొండ జారకుండా రాతి గోడ పేర్చి, అడుగున ఏడు కన్నాలు వదిలాడు. అదీ సగం పనేనంది ఖిమీ. కొండలో దిగిన నీళ్లకు దారి ఉండాలన్నాడు.

ఆ శ్రావణంలో దేవుడి పల్లకి వాళ్ల గడపకు వస్తుందని కబురొచ్చింది. పల్లకి వస్తుందంటే ఇల్లంతా మట్టీ పేడా కలిపి అలకాల్సిందే. మేస్త్రీ పక్క ఊళ్లో పనిలో ఉన్నాడు. ఖిమీ అలకడం మొదలుపెడితే ఆగే మనిషి కాదు. వెనక గోడ కూడా, రాళ్ల సందులతో సహా, అద్దంలా తేలింది. ఏడు కన్నాల్లోనూ గుడ్డలు కుక్కి పైన మెత్తేసింది.

పల్లకి వచ్చి వెళ్లింది. నాలుగు రోజులు వాన పడింది. ఐదో పొద్దున పాలు పితకడానికి దిగితే వెనక గోడ నిండు చూలాలి పొట్టలా ముందుకొచ్చి ఉంది. అది కూలితే కొండంతా ఇంటి మీదికే. ఆమె గబగబా ఆవులను విప్పి బయటికి తోలింది. అంతలో మేస్త్రీ వచ్చాడు. గోడను చూశాడు, ఆమెను చూశాడు.

"దేవుడు మెచ్చుకున్నాడా?"

"తర్వాత వెక్కిరిద్దువుగానిలేవయ్యా. ముందు తియ్యి."

పక్కకు నిలబడి గునపంతో ఒక్కో కన్నం పొడిచాడు. ఏడోది పొడుస్తూ ఇంకో మాట అనబోయి ఆమె వైపు తిరుగుతూ కన్నానికి ఎదురుగా వచ్చేశాడు. బురదనీళ్లు ఆయన్ని ఎత్తి పేడకుప్ప మీద కూర్చోబెట్టాయి. ఖిమీ చెంబు కింద పెట్టి మరీ నవ్వింది.

గోడ నిలిచింది, పొట్ట మాత్రం అలాగే ఉండిపోయింది. దాన్ని ఆయన సరిచేయలేదు. వచ్చినవాళ్లకల్లా "ఇది మా ఆవిడ పనితనం" అని చూపించేవాడు.

ఆయన పోయి మూడేళ్లు. వానలు మొదలవకముందే ఖిమీ కర్ర పట్టుకుని కన్నాలన్నీ శుభ్రం చేస్తుంది. ఆరింటి దగ్గర పక్కకే నిలబడుతుంది. ఏడోదాని దగ్గర మాత్రం ఎదురుగా.