కునుకమ్మ తరగతిలో అరవకూడదు

పిల్లలు పుస్తకం తెరవగానే కళ్ళు మూసుకునే టీచరును మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను. మా బళ్ళో మూడో తరగతికి కొత్తగా వచ్చిన ఆ అమ్మాయికి ఇంకే వంకా లేదు. లెక్కలు చెప్పేది, బొమ్మలు వేసేది, ముక్కులు తుడిచేది, ఊడిన గుండీలు కుట్టేది. చదువు గంట మోగిందంటే మాత్రం కుర్చీలో వెనక్కి వాలి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, హాయిగా నిద్రపోయేది. అందుకే కునుకమ్మ అని పేరు పడింది. పేరు పెట్టింది పిల్లలు కాదు. అది మా టీచర్ల గదిలో పుట్టింది. ఆ గదిలో పాఠాలు తయారవడం నేనెన్నడూ చూడలేదు గానీ, పేర్లు మాత్రం వేడివేడిగా తయారయ్యేవి.

నా నాలుగో తరగతికీ ఆమె మూడో తరగతికీ మధ్య గోడ లేదు, చెక్కల అడ్డు మాత్రమే. సరిగ్గా నా కుర్చీ పక్కన ఆ చెక్కకు అరచేయంత కంత. దాన్ని పూడ్పించమని నేనెవరినీ అడగలేదు. ఇటు పుస్తకం, అటు కంత. నాకు అంతకన్నా కాలక్షేపం అక్కర్లేదు.

మొదటిసారి చూసినప్పుడు ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను.

"ఏమ్మా, జ్వరమా?"

"లేదు మాస్టారూ. పిల్లలు చదువుతుంటే ఎందుకో కళ్ళు మూతలు పడిపోతాయి."

"రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదా?"

"అది వేరు, ఇది వేరు మాస్టారూ."

నిద్రలో రకాలుంటాయని నాకు అప్పుడే తెలిసింది.

ఆ నిద్రకో నియమం ఉండేది. చదువు ఆగితే చాలు, ఆమెకు మెలకువ వచ్చేసేది. ఫ్యాను ఆగితే ఉలిక్కిపడి లేచేవాళ్ళుంటారే, అలా. టీచరు లేచిందంటే కథ ఆగిపోయి ఎక్కాలు మొదలవుతాయి. కాబట్టి తరగతి క్షేమమంతా ఆమె నిద్ర మీదే ఆధారపడి ఉండేది. చదివేవాడికి ఒక మాట అందకపోతే పక్కవాడు చెవిలో ఊదేవాడు. వాడికీ రాకపోతే వెనక బల్ల నుంచి గుసగుసగా వచ్చేది. పసిబిడ్డ లేవకుండా ఉయ్యాల ఊపినట్టు, తరగతి మొత్తం కలిసి ఆ టీచరమ్మను ఊపేది.

కథ అయిపోయాక కునుకమ్మ ఒళ్ళు విరుచుకుని లేచేది.

"అయ్యో, నిద్ర పట్టేసిందర్రా! ఇంతకీ ఎలుగుబంటికి గొడుగు దొరికిందా?"

"దొరికింది టీచర్! కోతి దగ్గరుంది!"

"కోతికి గొడుగెందుకు?"

"చెట్టుకి ఆకులన్నీ రాలిపోయాయి టీచర్! వానకి తడుస్తోంది!"

"పోండి, మీరు కల్పించి చెబుతున్నారు."

"లేదు టీచర్! పుస్తకంలోనే ఉంది, చూడండి!"

పిల్లలే టీచరుకు పాఠం చెప్పే తరగతి మా బళ్ళో అదొక్కటే. జీతం మాత్రం ఆమే తీసుకునేది.

ఒకసారి పాత ఇనుము కొనేవాడు బడి పక్కగా బండి తోసుకుంటూ గొంతెత్తాడు. వెంటనే కిటికీలో నాలుగు మొహాలు, పెదాల మీద నాలుగు వేళ్ళు.

"అరవకు! మా టీచరు పడుకుంది!"

"పడుకుందా? బళ్ళోనా?"

మంచివాడు, అక్కడ అరవలేదు. మిగతా వీధులన్నిటిలో అదే గొంతుతో ఇనుముతోపాటు ఈ వార్త కూడా చాటుకుంటూ పోయాడు.

మర్నాడే తల్లిదండ్రులు దండెత్తి వచ్చారు. అందరికీ ముందు దర్జీ. మెడలో టేపు తియ్యకుండానే హెడ్మాస్టరు గదిలోకి దూసుకొచ్చాడు.

"మా అమ్మాయిని చదువుకోమని పంపిస్తున్నామా, టీచరమ్మ నిద్రకి కాపలా కాయమని పంపిస్తున్నామా? చెప్పండి సార్!"

దర్జీ కూతురు మూడో తరగతిలో కిటికీ పక్కన కూర్చునేది. బెల్లం కొట్టిన రాయిలా ఉండేది. హాజరు పిలిస్తే చెయ్యి ఎత్తేది తప్ప, ఆ పిల్ల గొంతు ఎలా ఉంటుందో మాలో ఎవరికీ తెలియదు.

"ఇంట్లో నేనే దగ్గర కూర్చోబెట్టుకుని చదివిస్తాను సార్. ఒక్క మాట తప్పిందా, స్కేలుతో బల్ల మీద ఠపీమని ఒక్కటిస్తాను. అయినా దాని నోరు పెగలదు. ఇదంతా ఈవిడ నిద్ర మహిమ కాదూ?"

హెడ్మాస్టరు గారు తల ఊపారు. ఆయన కూడా బళ్ళో నిద్రపోయేవారు, కాకపోతే కళ్ళు తెరుచుకుని. అది సర్వీసు మీద గానీ పట్టుబడదు. దర్జీ వెళ్ళాక నన్ను పిలిచారు.

"మాస్టారూ, మీరు పెద్దవారు. ఆ మూడో తరగతి టీచరు వాళ్ళమ్మగారితో ఓ మాట చెప్పి రండి. వచ్చేవారం ఇన్‌స్పెక్టరు గారు వస్తున్నారు. ఆయన ఊఁ అంటేనే ఈ అమ్మాయి ఉద్యోగం ఖాయం. లేదంటే ఇంటికే. అక్కడైతే ఎంతసేపైనా పడుకోవచ్చు."

వెళ్ళాను. వాళ్ళమ్మగారు నన్ను వాకిట్లో కుర్చీలో కూర్చోబెట్టి అంతా విన్నది. విని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"నిద్రా? మా అమ్మాయా? ఇంకోసారి అనండి మాస్టారూ, చెవులారా వింటాను. ఇది పుట్టాక ఈ ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. పక్కింట్లో కుళాయి కారితే లేచి కూర్చుంటుంది. పగటి కునుకన్నది దాని ఒంట్లోనే లేదు. మీరు ఇంకెవరినో చూసుంటారు."

ఇంతలో వీధి చివర నుంచి కునుకమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది.

"అమ్మా! పాలు పొంగుతున్నాయి!"

ఎదురుగా ఉన్న మా ఇద్దరికీ వినపడలేదు. ఆమెకు వీధిలోకే వినపడింది. స్టవ్ ఆర్పి బయటికొచ్చాక నేను ఆమె కళ్ళలోకి చూశాను. ఆమె నేల చూపులు చూసింది. వాళ్ళమ్మ మాత్రం నవ్వు ఆపేసింది.

"ఈ ఉద్యోగం పోతే మనం ఏం తిని బతకాలే? బళ్ళో ఆ వేషాలేమిటి?"

"ఇన్‌స్పెక్టరు గారి ముందు నిద్రపోనులే అమ్మా."

"మాస్టారి ముందు మాటివ్వు."

"మాటిస్తున్నాను మాస్టారూ."

ఆ రోజు రానే వచ్చింది. ఇన్‌స్పెక్టరు గారు మూడో తరగతిలోకి నడిచారు. వెనకాల హెడ్మాస్టరు, ఆ వెనకాల నేను. నా పిల్లలకు కాపీరాత పని పడేసి వచ్చాను. కిటికీ బయట దర్జీ నిలబడ్డాడు, పై అధికారి చెవిన స్వయంగా వేద్దామని. కునుకమ్మ నిటారుగా నిలబడి ఉంది. కళ్ళు రెండూ గుండీల్లా విప్పారి ఉన్నాయి. హెడ్మాస్టరు గారు గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు.

ఇన్‌స్పెక్టరు గారు ముందు బల్లల వాళ్ళను వదిలేసి, సరిగ్గా కిటికీ వైపు వేలు చూపించారు.

"నువ్వు. లేచి చదువు."

దర్జీ కూతురు లేచింది. పుస్తకం తెరిచింది. పెదాలు కదిలాయి గానీ మాట బయటికి రాలేదు.

"ఏమ్మా టీచరూ, ఈ పిల్లకి చదవడం రాదా?"

"వచ్చండీ."

"మరి చదవమను."

పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కిటికీ అవతల దర్జీ చెయ్యి స్కేలు కోసం వెతికినట్టు జేబులోకి వెళ్ళింది. కునుకమ్మ ఆ పిల్లను చూసింది. హెడ్మాస్టరును చూసింది. ఆయన కనుబొమలు నెత్తి మీదికి లాగి, కళ్ళు తెరిచే ఉంచమని సైగ మీద సైగ చేస్తున్నారు. నన్ను చూసింది. ఆ చూపులో క్షమాపణ ఉంది.

కుర్చీ లాక్కుంది. వెనక్కి వాలింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. నిద్రపోయింది.

"ఏమిటిది!" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

"ష్!" అన్నాడు ముందు బల్ల మీది బుడతడు. "అరవకండి సార్. టీచరు లేస్తుంది."

అంత పెద్ద అధికారిని ష్ అన్నవాడు అంతవరకూ పుట్టినట్టు లేదు. ఆయన తెరిచిన నోరు మూసి, దొరికిన చిన్న బల్ల మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నారు.

అప్పుడు వినపడింది. సన్నగా, బొంగురుగా, ఎప్పుడూ వాడని తలుపు తెరిచినట్టు ఒక గొంతు. దర్జీ కూతురు ఎలుగుబంటి కథ చదువుతోంది. ఒకచోట ఆగింది. వెనక బల్ల అందించింది. మళ్ళీ సాగింది. ఎలుగుబంటి అడవంతా తిరిగింది, నక్కను అడిగింది, కోతిని అడిగింది. ఆ పిల్ల ఎవరి వంకా చూడలేదు, టీచరు మూసిన కళ్ళ వంక తప్ప. నేను టీచరు కాళ్ళ వంక చూశాను. పిల్ల తడబడినప్పుడల్లా చెప్పులో బొటనవేలు బిగుసుకునేది. మాట దొరకగానే వదులయ్యేది. గాఢనిద్రలో ఉన్న బొటనవేలు అంత శ్రద్ధగా కథ వినడం నేను ఇంకెక్కడా చూడలేదు.

కథ అయిపోయింది. కునుకమ్మ ఒళ్ళు విరుచుకుంది.

"అయ్యో, నిద్ర పట్టేసింది. ఇంతకీ ఎలుగుబంటికి గొడుగు దొరికిందా?"

"దొరికింది టీచర్," అంది దర్జీ కూతురు. "కానీ కోతికే ఇచ్చేసింది."

వరండాలోకి వచ్చాక హెడ్మాస్టరు గారు చేతులు నలుపుకున్నారు.

"సార్, ఆ అమ్మాయి నిద్ర విషయం మేము ఇదివరకే..."

"ఉంచండి."

"నిద్రనా సార్?"

"అమ్మాయిని. లేపకండి."

పై అధికారి మెచ్చుకున్న పద్ధతి కదా, మరుసటి సోమవారం హెడ్మాస్టరు గారు స్వయంగా ఐదో తరగతిలో దాన్ని అమలు చేశారు. పిల్లల చేతికి పుస్తకం ఇచ్చి కుర్చీలో వాలారు. సాయంత్రం బడికి తాళం వెయ్యబోయిన వాచ్‌మన్ ఆయన్ను లేపాడు. పిల్లలు చదివిన కథ ఏమైందో ఆయనకు ఈనాటికీ తెలియదు.

ఇక దర్జీ. ఆ రోజు ఆయన ఇన్‌స్పెక్టరుకు ఏమీ చెప్పకుండా, మెడలో టేపు సవరించుకుంటూ వెళ్ళిపోయాడు. ఏమయ్యాడా అనుకుంటుండగా, వారం తిరక్కుండానే దర్జీ కూతురు టీచరు బల్ల దగ్గరికి రావడం కంతలోంచి కనపడింది. నేను చదువుతున్న పుస్తకం పక్కన పెట్టాను.

"టీచర్, ఇప్పుడు మా నాన్న కూడా సాయంత్రం కుట్టుమిషను ఆపేసి నిద్రపోతున్నాడు. నన్ను చదువుకోమని."

"అవునా! మంచిదేగా."

"గురక కూడా పెడుతున్నాడు టీచర్. కానీ మధ్యమధ్యలో ఒక కన్ను తెరిచి చూస్తున్నాడు." ఆ పిల్ల గొంతు తగ్గించింది. "ఆయనకి మీ అంత బాగా రాదు టీచర్."

కునుకమ్మ చేతిలో సుద్దముక్క ఆగిపోయింది.

"పోనీలే," అంది. "కొత్త కదా. నువ్వు చదువుతూ ఉండు, ఆయనే నేర్చుకుంటాడు."