అమ్మ అవతలి ఒడ్డునే ఉండిపోయిన రోజు

మా చిన్నప్పుడు... దసరా సెలవులు అయిపోయి, గోదావరి మధ్యలో ఉన్న చిన్నమ్మ వాళ్ల ఊరి నుంచి గోదావరిఖనిలోని మా ఇంటికి బయలుదేరాం. అమ్మ, నేను, ఏడాది కూడా నిండని తమ్ముడు.

అక్కడ ఏరు రెండు పాయలుగా చీలేది. మధ్యలో మిగిలిన నేలను అందరూ నడిగడ్డ అనేవారు. గోదావరిఖని నుంచి రేవు దాకా ఎర్రబస్సు... పాయ దాటడానికి నాటు పడవ... గడ్డ మీద తిరగాలంటే కచ్చురం. పైన గూడు కట్టిన ఆ ఎడ్లబండిలోనే అందరూ ఒకరి మీద ఒకరు సర్దుకుని కూర్చునేవారు. పెళ్లికి పోవాలన్నా, దవాఖానకు పోవాలన్నా అదే.

ఆ రోజు మేం కచ్చురం దిగేసరికి నీళ్లు ఎర్రగా ఉరుకుతున్నాయి. పైన ఎక్కడో వాన పడిందట. అమ్మ నన్ను పడవలో కూర్చోబెట్టి, తమ్ముణ్ని నా ఒళ్లో పెట్టింది.

"గట్టిగ పట్టుకో. మూట తెస్త" అని బండి దగ్గరికి పోయింది.

అంతలోనే ప్రవాహం పడవను ఒక్క ఊపు ఊపింది. తాడు జారింది... పడవ ఒడ్డు వదిలేసింది.

"కాకా, ఆపు! మా అమ్మ ఎక్కలే!" అని అరిచాను.

పడవ నడిపే కాక గెడ మీద బరువంతా వేసి, "ఇప్పుడు తిప్పితే అందరం మునుగుతం బిడ్డా. పిలగాన్ని ఇడువకు" అన్నాడు.

అమ్మ మూట పడేసి నీళ్లలోకి దిగింది... మోకాళ్ల దాకా... నడుము దాకా. బండాయన ఆమెను వెనక నుంచి పట్టి లాగడం చూశాను. ఆ తర్వాత నీళ్లు పడవలోకి ఎగిరిపడ్డాయి. తమ్ముణ్ని కరుచుకుని కళ్లు మూసుకున్నాను.

ఎట్లాగో ఇవతలికి చేరాం. కాక పడవను కట్టేసి, "ఇగ ఇయ్యాల నడువది" అన్నాడు.

తమ్ముడు ఆకలికి గుక్కపట్టి ఏడుస్తున్నాడు. అవతల అమ్మ చిన్నగా కనిపిస్తోంది... కొంగు ఊపుతోంది. పొమ్మంటోందా? ఉండమంటోందా? ఏటి హోరులో ఏమీ వినబడలేదు. నీళ్ల అంచు దాకా పోయాను. అమ్మ ఇంకా గట్టిగా ఊపింది.

పడవలో మాతో పాటు వచ్చిన ఒకామె నా రెక్క పట్టి వెనక్కి లాగింది. ఆమె చంకలోనూ ఒక పసిబిడ్డ.

"మీ నాయిన ఏం జేస్తడు బిడ్డా?"

"బొగ్గు బాయిల పని... గోదావరిఖనిల. గడ్డ మీద మా చిన్నమ్మోళ్ల ఇంటికి వచ్చినం."

"మాదీ ఆడనే. రూతమ్మ అంటరు నన్ను." తన బిడ్డను నా చేతికిచ్చి, తమ్ముణ్ని తీసుకుని, ఆ ఇసుకలోనే కూర్చుని పాలిచ్చింది. వాడి ఏడుపు ఆగింది.

కండక్టర్ కేకేశాడు. "ఇదే ఆఖరి బస్సు! ఎక్కుతరా, లేదా?"

"అమ్మను ఇడిచి నేను రాను" అన్నాను.

"అమ్మకు ఆడ మీ చిన్నమ్మ ఉన్నది. వీనికి ఈడ ఎవరున్నరే... నువ్వే గద!" అంది రూతమ్మ.

ఎక్కాను. బస్సు మలుపు తిరిగేదాకా వెనక్కే చూశాను. అమ్మ అక్కడే నిలబడి ఉంది.

రూతమ్మ మమ్మల్ని తన క్వార్టర్‌కు తీసుకుపోయి, షిఫ్టుకు పోయేవాళ్లతో నాన్నకు కబురు పంపింది. నాన్న మొహం నిండా బొగ్గుతోనే పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఇద్దరినీ పొదువుకుని గడపలోనే కూలబడ్డాడు.

నీళ్లు తగ్గాక అమ్మ వచ్చింది. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. "బస్సెక్కమన్నవా అమ్మా, ఉండమన్నవా?" అని అడిగాను.

"ఏదీ గాదే... నీళ్లకాడికి పోకు, ఎనుకకు జరుగు అన్న" అంది, తమ్ముడి తల నిమురుతూ. "ఆమె నిన్ను బస్సెక్కిచ్చినంకనే నా పాణం నిమ్మలమైంది."

ఇప్పుడు ఆ పాయ మీద వంతెన ఉంది. మాట పూర్తయ్యేలోపు కారు దాటేస్తుంది... సంతోషమే. కానీ నా మనవరాలికి మాత్రం, "తెలియనివాళ్లు రమ్మంటే పోవద్దు" అని రోజూ నేనే చెబుతున్నాను...

మిమ్మల్ని అలా చెయ్యి పట్టి ఇంటికి చేర్చిన పరాయి మనిషి ఎవరైనా ఉన్నారా? ఉంటే ఆ పేరు ఇక్కడ రాయండి... చదువుకుంటాను.