నిపుణుడి మెడ పట్టేసింది

ఇవాళ తిరుత్తణిలో మా ఆఫీసు గుమాస్తాల టెన్షన్ తగ్గించడానికి మద్రాసు నుంచి ఒక మర్దన నిపుణుడు వచ్చారు. ఒంటిమీద ఎరుక కలిగితే టెన్షన్ పోతుందట. మా హెడ్ క్లర్కుగారి భుజం నొక్కి, "మీ దిగులంతా ఇక్కడే ఉంది, గమనించండి" అన్నారు. ఆయన కళ్లు మూసుకుని గమనించారు. మేము చప్పట్లు కొట్టాం.

నిపుణుడు మావైపు తిరగబోయారు. మెడ పట్టేసింది!

కొండమీద గుడి దగ్గర భక్తులకు గుండ్లు గీసే మునుసామిని పిలిపించాం. శనివారాలు మా అందరికీ నూనె రాసి ఒళ్లు పట్టేది అతనే. మెడమీద చెయ్యి వేశాడు.

"ఎడం బుజాన సంచీ ఏసుకోని, బస్సులో నిలబడి వచ్చినారా సామీ?"

"నీకెట్లా తెలుసు?"

"చెయ్యి పెడితే తెలస్తాది గదా సామీ."

రెండు నిమిషాల్లో మెడ తిరిగింది. "ఉండు మునుసామీ, మళ్లా పట్టేస్తే ఎట్లా?" అన్నారు హెడ్ క్లర్కు. నిపుణుడు పాఠం అందుకుని, అరికాలి నుంచి నడినెత్తి దాకా ఒక్కో నరాన్నీ గమనించమన్నారు. అందరం గమనించాం.

గంట తర్వాత కళ్లు తెరిస్తే మునుసామి గుమ్మం దగ్గరే నిలబడి, ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకుంటున్నాడు. పొద్దున్నుంచీ కొండమీద నిలబడి పనిచేసి వచ్చిన మనిషి. కూర్చోమని ఎవరం అనలేదు.

మీ ఆఫీసుల్లో ఇట్లాంటి క్లాసు జరిగితే ఎవరెవరు కూర్చున్నారో రాయండి. మా ఆఫీసులో, నా పక్క కుర్చీలో, నా టిఫిన్ క్యారియర్ కూర్చుంది.