ఇంకో రోడ్డు మీద వాళ్ల నాయిన

మా వైపు కోతలు మొదలైతే రోడ్డులో సగం వడ్లదే. త్రిపురారం నుంచి మిర్యాలగూడ పోయే దారి పొడుగునా ధాన్యం ఆరబోస్తారు. బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పెడతారు. ఆరిన వడ్లను సంచులకెత్తి మిల్లుకు తోలతారు, రాళ్లను మాత్రం అక్కడే వదిలేస్తారు. వడ్లు మోయడానికి చేతులుంటాయి గానీ రాయిని పక్కకు జరపడానికి ఎవరికీ చేతులు రావు. ఇది చెబుతుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. మండనీ.

మేం ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉన్నప్పుడు అలాంటి రాయికే నా దోస్తు వాళ్ల నాయిన బండి తగిలింది. ఆయన మిర్యాలగూడలో రైస్ మిల్లులో పనిచేసేవాడు. ఆ రోజు పొద్దుగూకే వేళ, కాలేజీ నుంచి కొడుకును వెనక ఎక్కించుకుని ఊరికి వస్తున్నాడు. ఆయన అక్కడికక్కడే పోయాడు. వీడు చెయ్యి విరిగి కూడా, అంబులెన్సు వచ్చేదాకా నాయిన తలను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

కట్టు విప్పాక మళ్లీ కాలేజీకి వచ్చాడు. బస్సులో నా పక్కన కూర్చుని, మామూలు సంగతి చెప్పినట్టే చెప్పాడు.

"అరేయ్, ఇంకో రోడ్డు ఉన్నది రా. ఆడ నాయిన రాయిని సూసిండు. బండి పక్కకు గుంజిండు. నన్ను తిట్టుకుంట ఇంటికి తీస్కొచ్చిండు."

"తిట్టుడెందుకు రా?" అన్నాను.

"వెనక కూసొని ఫోన్ సూపిస్తున్న గద నాయినకు. గందుకు."

వాడి గుండెలో ఏం గుచ్చుకుందో నాకప్పుడు తెలిసింది. ఏడుపొచ్చింది. ఏడిస్తే వాడు చెప్పడం ఆపేస్తాడని మింగేశాను. ఆ రోజు నుంచి నేనే అడిగేవాణ్ణి, "ఏం రా, ఆడ నాయిన ఏం జేస్తుండు?" అని. బండికి కొత్త టైరు వేయించాడనో, మిల్లులో మేస్త్రీతో కొట్లాడాడనో చెప్పేవాడు. అలా చెప్పిన రోజు టిఫిన్ డబ్బా ఖాళీ చేసేవాడు. చెప్పని రోజు మూత కూడా తీసేవాడు కాదు. ఆ రోడ్డు ఉందా లేదా అని నాకు వేరే రుజువు అక్కర్లేకపోయింది.

వాళ్లమ్మ వాణ్ణి సూర్యాపేటలో ఒక డాక్టరమ్మకు చూపిస్తే నేనూ వెంట వెళ్లాను. ఆమె మాత్రలు రాసి, "మాట్లాడితే మాట్లాడనియ్యండి. పక్కన కూసొని వినే మనిషి ఉండాలె" అన్నది. ఇంటికొచ్చాక అందరికీ మాత్రలు గుర్తున్నాయి. రెండో మాట నాకొక్కడికే గుర్తుంది.

ఎండలు ముదిరే వేళకు యాసంగి కోతలు వచ్చాయి. వడ్లు ఎత్తేసిన చోటల్లా మేమిద్దరం సాయంత్రం రాళ్లు తీసి కాల్వగట్టు వైపు పడేసేవాళ్లం. ఒక సాయంత్రం వాడు ఇంకా ఎత్తని వడ్ల చుట్టూ ఉన్న రాళ్లు కూడా లాగేశాడు. లారీ వచ్చి ఆ వడ్ల అంచు తొక్కుకుంటూ పోయింది. రైతు చెయ్యెత్తి మీదికొచ్చాడు. నేను అడ్డం పోయాను, దెబ్బ నా చెంప మీద పడింది.

"రాళ్లు మీయే అయితె ఇంటికి తీస్కపోండ్రి! రోడ్డు మీదెందుకు?" అని అరిచాను. పెద్దమనిషిని అలా అన్నందుకు నాకిప్పటికీ బాధ లేదు.

అంతే, వాడికి పిచ్చి లేసిందని ఊరంతా అన్నది. మర్నాడు కోదాడ నుంచి వాళ్ల మేనమామ కారేసుకుని వచ్చాడు. కోదాడ అవతల ఎవరో ఉన్నాడట, గదిలో పెట్టి కొట్టి దయ్యాన్ని వదిలిస్తాడట. మేనమామ చెడ్డవాడు కాదు, భయపడ్డాడు. భయపడ్డ పెద్దవాళ్లంటే నాకు పడనిది ఆ రోజు నుంచే.

వాణ్ణి వెనక సీట్లో కూర్చోబెట్టి, వాకిట్లో అందరి ముందూ ఆయన నన్నడిగాడు. "నువ్వే చెప్పు బాబూ. చచ్చిపోయినోడు ఏం చేస్తన్నాడో వీడు రోజూ చెబుతున్నాడంట. నిజమేనా?"

కాదంటే వాణ్ణి దించుతారేమో. కానీ కాదంటే ఆ రోడ్డు అబద్ధమని వాడి ముఖం మీదే చెప్పినట్టు.

"నిజమే. రోజు నేనే అడుగుత. ఆ రోడ్డు నాగ్గూడ ఎరికె. తోల్కపోతె ఇద్దర్ని తోల్కపోండ్రి" అని కారెక్కి వాడి పక్కన కూర్చున్నాను.

మేనమామ దిగమన్నాడు, కాలర్ పట్టి లాగాడు. నేను ముందు సీటును రెండు చేతులా పట్టుకున్నాను. నా చొక్కా చిరిగింది గానీ నేను కదల్లేదు.

అప్పుడు వాళ్లమ్మ వచ్చింది. మొగుడు పోయినప్పటి నుంచి ఆయన మాటే ఎత్తని మనిషి. ఈమె కూడా నన్నే తిడుతుందనుకున్నాను. ఆమె కారు కిటికీ దగ్గర వంగి, కొడుకును చూస్తూ మెల్లగా అడిగింది.

"బిడ్డా, ఆడ... మీ నాయిన మంచిగున్నడా?"

వాడు కిటికీ వైపు జరిగాడు.

"మంచిగున్నడమ్మా. 'అందరు నా గురించి ఏడుస్తున్నరు గని, మీ అమ్మ ఒక్కనాడన్న నేనెట్లున్ననో అడగకపాయె' అంటుండు నాయిన."

ఆమె కారు తలుపు తీసి మమ్మల్నిద్దర్నీ దింపింది. "అన్నా, నువ్వు పో. నా కొడుకు యాడికి రాడు" అన్నది. ఆయన ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టింది. మేనమామ వెళ్లిపోయాక, వాకిట్లో మట్టిలోనే కూలబడి, మొగుడు పోయాక మొదటిసారి గొంతెత్తి ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, కొంగుతో ముఖం తుడుచుకుని, వాడి చెయ్యి పట్టి పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఇంకేమంటుండో చెప్పు బిడ్డా" అన్నది.