పదకొండో ఇల్లు

ఫిబ్రవరి పదో తేదీ, మంగళవారం ఉదయం ఆరూ నలభైకి విజయవాడ వన్ టౌన్‌లో మా ఇంటి దగ్గర ఆటో ఎక్కాను. బస్టాండుకు అరవై రూపాయలు. ఏడూ పదికి పామర్రు మీదుగా పోయే పల్లెవెలుగు దొరికింది. ఆధార్ చూపిస్తే కండక్టరు జీరో టికెట్ ఇచ్చాడు. ఆడవాళ్ళకు మిగిలే ఈ ఛార్జీని ఇంటి ఆదాయంలో కలపాలా వద్దా అని కంకిపాడు దాకా ఆలోచించాను. వద్దనుకున్నాను. బస్సెక్కని ఇంటికి అది రాదు.

జిల్లాలో మధ్య రకం కుటుంబం ఏడాదికి ఎంత సంపాదిస్తుంది, పదేళ్ళలో అది పెరిగిందా తగ్గిందా అని మేం నలుగురు రిటైర్డ్ లెక్చరర్లం లెక్క కడుతున్నాం. జిల్లా విడిపోయాక పాత అంకె పక్కన కొత్త అంకె పెట్టడం కుదరడం లేదు. హద్దులు మారినా ఇళ్ళు మారవు కదా అని, పదేళ్ళ క్రితం చూసిన ఇళ్ళనే మళ్ళీ చూస్తున్నాం. నా వంతుకు కూచిపూడి వైపు ఒక ఊళ్ళో ఇరవై ఒక్క ఇళ్ళ వీధి వచ్చింది. ఇరవై అయిపోయాయి. మిగిలింది మరియమ్మగారి ఇల్లు. పోయినసారి ఇళ్ళన్నిటినీ ఆదాయం కొద్దీ వరుసగా పేరిస్తే, సరిగ్గా మధ్యన పదకొండోదిగా నిలిచింది ఆ ఇల్లే. లెక్కల పుస్తకాల్లో దాన్ని మధ్యగతం అంటారు.

ఉయ్యూరులో ఖాళీ చేపల గంపతో ఒకామె నా పక్కన కూర్చుంది. ఎక్కడికని అడిగితే చెప్పాను.

"సగటు కట్టుకుంటే పోద్ది కదండీ మామ్మగారూ, ఇంత దూరం ఎందుకు?"

"ఆ వీధిలో ఒక రైసుమిల్లు ఆయన ఉన్నాడమ్మా. ఆయన ఒక్కడితో సగటు మేడెక్కి కూర్చుంటుంది. మధ్య ఇల్లు కదలదు."

"మా ఇంటికి మాత్రం రాకండి. మా ఆయన ఎంత తెస్తాడో నాకే తెలీదు, ఆయనకి అసలే తెలీదు," అని నవ్వింది.

ఎనిమిదిన్నరకు పామర్రులో దిగాను. ఇడ్లీ, కాఫీ కలిపి యాభై ఐదు. డబ్బులిస్తుంటే గొడుగు బస్సులోనే వదిలేశానని తెలిసింది. షేర్ ఆటోకు ఇరవై ఇచ్చి, తొమ్మిదీ ఇరవైకి మరియమ్మగారింటికి చేరాను.

ఆమె పొలం పనులు మానేసి మూడేళ్ళయింది. కొడుకు పోయాడు. కోడలు రూతు కూలికి వెళుతుంది, ఆరేళ్ళ మనవరాలు ఉంది.

"మావి రెండు కుటుంబాలండీ," అడక్కముందే అన్నారు మరియమ్మగారు. "నాదో కార్డు, రూతుదో కార్డు. అదిగో నా పొయ్యి."

వరండాలో ఎర్రమట్టి అలికిన పొయ్యి ఉంది. మసి లేదు. లోపల గ్యాసు మీద ఒకే గిన్నెలో అన్నం ఉడుకుతోంది.

"దీని మీద వండుతారా?"

"అప్పుడప్పుడు కాఫీ పెట్టుకుంటానండీ."

"పోయిన నెల అందులో కోడి పొదిగిందండీ," లోపలి నుంచి కోడలు అంది.

"నోరు ముయ్యవే. నీ పింఛను కూడా పోద్ది."

అప్పటికి అర్థమైంది. అత్తకు వృద్ధాప్య పింఛను, కోడలికి వితంతు పింఛను. ఒకే ఇల్లని తేలితే ఒకటి ఆగిపోతుందని వాళ్ళ భయం. నేను పేర్లు రాయనని, ఈ కాగితం ఏ ఆఫీసుకూ పోదని చెప్పాను.

"పోయినేడు వచ్చినాయనా అంతే చెప్పాడండీ. తర్వాత పక్కవీధిలో ఒకరికి ఆగింది."

"ఆయన వల్లేనా?"

"ఎవరి వల్లో మాకెట్టా తెలుస్తదండీ? వచ్చినోళ్ళే గుర్తుంటారు."

ఎన్ని కార్డులున్నా, ఒక గిన్నెలో తినేవాళ్ళు ఒక కుటుంబం. అది మా నియమం. నేను చూసిందే రాస్తానన్నాను.

"చూసిందే రాస్తారా?"

"అంతేనండీ."

"అయితే కూర్చోండి." ఆమె లేచి పుల్లలు తెచ్చారు. "రూతూ, నా బియ్యం వేరే కొలువు."

కోడలు గుమ్మంలోకి వచ్చింది. ఇప్పుడు నవ్వడం లేదు. "అత్తా, ఈమెకి చూపెట్టడానికి ఒక్కపూటేగా?"

"ఇయ్యాల ఈమె. రేపెవరొస్తారో. ఇక ఇట్టాగే."

అలుకు తడి ఆరని పొయ్యి పొగ చిమ్మింది. పదకొండింటికి ఆమె కంచంలో అన్నం పెట్టుకున్నారు. మనవరాలు అలవాటుగా వచ్చి ఆ కంచం ముందు కూర్చుంది. "మీ అమ్మ దగ్గరికెళ్ళు తల్లీ," అన్నారామె, నావైపు చూడకుండా.

పొగ రాకముందే లేచి వచ్చేసి ఉంటే ఒకటే కుటుంబమని రాసేదాన్ని. లేవలేదు. చూసింది రెండు కుటుంబాలు, రెండని రాశాను.

ఒంటిగంటా యాభైకి పామర్రులో బస్సు దొరికింది. ఒళ్ళో కాగితం పెట్టుకుని ఇళ్ళను మళ్ళీ వరుసగా పేర్చాను. అత్త వాటా ఒకచోట, కోడలి వాటా ఒకచోట, రెండూ అడుగుకు దిగిపోయాయి. వీధిలో ఎవరి సంపాదనా రూపాయి తగ్గలేదు, మధ్యగతం మాత్రం తగ్గింది. పైగా ఇరవై రెండిళ్ళకు మధ్య ఇల్లంటూ ఉండదు. పదకొండు, పన్నెండు ఇళ్ళ ఆదాయాలు కలిపి సగం చేయాలి. ఆ అంకెలో ఎవరూ కాపురం ఉండరు. జిల్లా లెక్కలో చేరేది అదే.

నాలుగింటికి ఇల్లు చేరాను. పోయినవి: గొడుగు ఒకటి. వీధికి మధ్య ఇల్లు ఒకటి. ఆ పిల్లకు నాయనమ్మ కంచం.