అడితి గోడ

పుష్కరాలు దగ్గరపడుతున్నాయని రాజమండ్రిలో ఇల్లుగలవాళ్ళందరికీ ఒక్కసారే జ్ఞానోదయమైంది. ఖాళీగా పడున్న గ్యారేజీకి కూడా లాడ్జి రేటు చెప్పడం మొదలుపెట్టారు. నేనడిగింది పెద్ద కాన్వాసు నిలబెట్టుకోవడానికి ఒక గోడ, కాస్త వెలుతురు, అంతే.

"ఏం చేస్తారండి?" అనేవారు.

"బొమ్మలు వేస్తానండి."

"అది సరేనండి, పనేం చేస్తారు?"

ఒళ్ళు మండేది. టర్పెంటైన్ వాసన సంగతి చెప్పగానే ఉన్న మర్యాద కూడా పోయేది. పోనీ ఇంట్లోనే వేద్దామంటే మాది రెండు గదుల వాటా. కాన్వాసు నిలబెడితే వంటగది తలుపు తెరుచుకోదు.

మూడు నెలలు కాళ్ళరిగేలా తిరిగాక గోదావరి గట్టుకు ఏటివైపున పాత కలప అడితి ఒకటి దొరికింది. దుంగల వ్యాపారం ఎప్పుడో ఆగిపోయింది. యజమాని పోయాక ఆయన భార్య, డెబ్బై దాటినావిడ, గట్టుకు ఇవతల ఇంట్లో ఒక్కరే ఉంటున్నారు. అద్దె నేనివ్వగలిగినంతే చెప్పారు. "వరదలప్పుడు నేనొచ్చి చెబుతాలే అమ్మా, సామాను ఎంత ఎత్తున పెట్టుకోవాలో" అంటూ తాళం చేతిలో పెట్టారు. ఆ సంబరంలో నాకు వరద అన్న మాట చెవికెక్కితే కదా!

లోపల గోడ నిండా అడ్డంగా ఎర్రగీతలు. దుంగల మీద నంబర్లు వేసే రంగు అది. పేర్చిన దుంగల ఎత్తు తెలియడానికి గీసుకుని ఉంటారనుకున్నాను. బొమ్మ వెనకాల అవి కంటికి అడ్డమని గరుకు కాగితం పెట్టి అరగదీసి, రెండు కోట్లు తెల్లరంగు కొట్టేశాను. చూసుకుని ఎంత మురిసిపోయానో!

జూలైలో నీళ్ళు ఎర్రబడ్డాయి. ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక ఇచ్చారని ఫోన్లో చూసినప్పటి నుంచి నాకదే పని. గట్టెక్కి నీళ్ళు చూడడం, దిగొచ్చి కాన్వాసులు చూడడం. ఆరున్నాయి. ఎక్కడికని మోసుకుపోను? ఈ గది పోయిందంటే నాకు బొమ్మలు పోయినట్టే. ఆ మాట పైకి అనడానికి కూడా భయం.

రెండో రోజు పొద్దున్నే ఆవిడ కర్ర ఊతంతో గట్టు దిగి వచ్చారు.

"సామాను ఎత్తేద్దామమ్మా. ఏ వరదకావరద ఆయన గోడ మీద గీసి పెట్టారుగా, అది చూసి..." అంటూ లోపలికొచ్చి ఆగిపోయారు.

ఆ గీతలేమిటో అప్పుడర్థమైంది నాకు. "దుంగల కోసం గీసుకున్నవనుకున్నాను మామ్మగారూ. నేనే చెరిపేశాను."

గోదావరి నీళ్ళు తాగి పెరిగినదాన్ని, ఆ మాత్రం తట్టలేదు! ఆవిడ తెల్లగోడను చేత్తో తడుముతూ నిలబడ్డారు. తిట్టినా బాగుండేది. పొమ్మనే మాట ఆవిడ నోటి నుంచి వినలేక, "ఖాళీ చెయ్యమంటారా?" అని నేనే అడిగేశాను.

"ముందు గీత గియ్యి. నీళ్ళు ఆగుతాయా నీకోసం?" అని ఆవిడ గోడకు వీపు ఆనించి నిలబడ్డారు. అరచెయ్యి మెడ కింద పెట్టుకున్నారు. "పెద్ద వరద నాకు ఇక్కడిదాకా వచ్చింది. నీళ్ళు తీశాక ఆయన నన్ను పక్కన నిలబెట్టి మరీ చూపించారు."

ఆ చేతి ఎత్తున పెన్సిల్ గీత గీశాను. ఆవిడ పక్కకు జరిగి చూశారు.

"కాదమ్మా, ఇంకాస్త పైకి. అప్పుడు నేనింత పొట్టి కాదు. ఇప్పుడు వంగిపోయాను."

"ఎంత పైకి మామ్మగారూ?"

"అదే తెలీదమ్మా. ఆయన గీత ఉందిగా అని నేనెప్పుడూ గుర్తుపెట్టుకోలేదు."

ఆ సంవత్సరం కాన్వాసులన్నీ కప్పు దూలాలకి కట్టేశాం. నీళ్ళు మోకాలిదాకా వచ్చి తీసేశాయి. గది నాకే ఉంచారు. అద్దె ఇవ్వడానికి వెళితే కూర్చోబెట్టి కాఫీ ఇస్తారు, బొమ్మలు ఎంతవరకు వచ్చాయని అడుగుతారు. చూద్దురుగాని రమ్మని ఎన్నిసార్లు పిలిచానో. ఆవిడ మాత్రం అడితిలో మళ్ళీ అడుగుపెట్టలేదు.